సిడ్నీ పట్టణపు తారుమడుగులు: విషము సోకిన నేలను పరీక్షించి మరల నుపయోగమునకు దెచ్చుట

భూమి కొనునపుడు మన రైతులు చూపు జాగ్రత్త సామాన్యమైనది కాదు. పట్టా చూతురు, లింకు దస్తావేజులు చూతురు, సరిహద్దు రాళ్లు చూతురు, సబ్‌రిజిస్ట్రారు కచేరీనుండి ఎన్‌కంబరెన్సు సర్టిఫికేటు తెప్పింతురు. అయితే ఆ సర్టిఫికేటు భూమిమీది అప్పును చూపును గాని భూమిలోపలి విషమును చూపదు. మూతపడిన తోళ్ల కర్మాగారపు స్థలము, పాత పెట్రోలుబంకు స్థలము, బ్యాటరీల సీసము కరగించిన పెరడు, పురుగుమందులు నిలువయుంచిన కొట్టు, ఇట్టివి పట్టణముల శివారులలో చౌకగా వచ్చుచుండును. గోదాముకొఱకో కళ్లముకొఱకో సంఘములు వానిని కొనుటకు తొందరపడుట కలదు. ఆ స్థలము అంత చౌకగా ఏల వచ్చుచున్నదని విచారించువారు మాత్రము తక్కువ.

ఈ విషయమును సూత్రములుగా జెప్పుటకంటె ఒక పట్టణమున జరిగినదానిని మొదటినుండి చెప్పుట మేలని తలంచితిమి. ఆ పట్టణము కెనడా దేశమున, నోవా స్కోషియా రాష్ట్రములో, కేప్ బ్రెటన్ ద్వీపముమీద నున్న సిడ్నీ. ఇది ఆస్ట్రేలియాలోని మహానగరము కాదు. సుమారు ముప్పదివేల జనము గల చిన్న రేవుపట్టణము. సహకారోద్యమ చరిత్రము చదివినవారికి ఆ ద్వీపము క్రొత్తది కాదు. 1930 తరువాతి దశాబ్దమున పాదరీలగు మోజెస్ కోడీ, జిమ్మీ టాంప్‌కిన్స్ మొదలగువారు అచ్చటి బెస్తలను, బొగ్గుగని కూలీలను అధ్యయనమండలులుగా జేర్చి, పరపతి సంఘములను, సహకార గృహములను నెలకొల్పిరి. సిడ్నీకి చేరువనున్న రిజర్వ్ మైన్స్ అను గనుల గ్రామము ఆ యుద్యమమున పేరుగాంచినది. కోడీ పేరిట 1959లో స్థాపింపబడిన విద్యాసంస్థలో మనదేశపు కార్యకర్తలును చదివి వచ్చియున్నారు.

ఆ పట్టణమునకు జీవనాధారము ఉక్కు. 1899లో నొక కంపెనీ యేర్పడి, 1901 నుండి ఉక్కు తీయ నారంభించెను. 1912 నాటికి కెనడా ఉక్కులో దాదాపు సగము అచ్చటనే తయారయ్యెనని చెప్పుదురు. ఇనుపరాతిని కరగించుటకు కోకు కావలయును. రాతిబొగ్గును గాలి తగులకుండ బట్టీలలో కాల్చగా మిగులునదే కోకు. కట్టెను ఆవములో పెట్టి బొగ్గు చేయువారికి ఈ పద్ధతి సులభముగా బోధపడును. కట్టెనుండి పొగయు జిడ్డును వెడలినట్లే రాతిబొగ్గునుండి తారు, బెంజోలు, అమ్మోనియా మొదలగునవి వెడలును. వీనిలో కొంత పట్టి అమ్ముకొనుచుండిరి. పట్టుబడనిది, కాఱినది, కడుగగా మిగిలినది, నేలలో నింకెను. లేదా ప్రక్క వాగులోబడి మగ్గా క్రీక్ అను ఏటిలో జేరెను. ఈ ఏఱు ఊరినడుమనుండి పాఱి రేవులో కలియును. సముద్రపు ఆటుపోటులు దానిలోనికి వచ్చిపోవుచుండును. కర్మాగారపు చిట్టెమును ఏటిగట్లమీద పోయగా పోయగా ఏఱు సన్నగిల్లి, తారు కదలక నిలిచి, నల్లని మడుగులుగా మాఱినది. వానినే తారుమడుగులనిరి. విద్యుద్యంత్రములలో వాడిన నూనెలనుండి పి.సి.బి.లు అను మఱియొక మొండి విషము సైతము దానిలో జేరినది. మడుగులలోని విషపుబురద ఏడు లక్షల టన్నులని తరువాత లెక్కవేసిరి. బట్టీల స్థలమును మడుగులును గలిపి సుమారు 250 ఎకరములు.

1967 అక్టోబరు 13న, అప్పటి యజమానులగు హాకర్ సిడ్లీ కంపెనీవారు కర్మాగారమును మూసివేయుదుమని ప్రకటించిరి. వేలకొలది కుటుంబముల కూడు పోవునని రాష్ట్రప్రభుత్వము దానిని తీసికొని నడిపినది. కోకుబట్టీలు 1988లో చల్లారెను. ఉక్కుపనియు 2001 నాటికి ముగిసెను. లాభము తిన్నవారు వెడలిపోయిరి. మడుగులు ఊరికి మిగిలెను. చెఱచినవాడే బాగుచేయవలెనను న్యాయము మంచిదే కాని, చెఱచినవాడు చేతికి దొరికినపుడే అది పనిచేయును. 1982లో రేవు దక్షిణభాగమున లాబ్‌స్టరు అను పెద్దరొయ్యల వేట మాన్పింపబడినది. కారణము, వాని మాంసములో తారుసంబంధమైన హైడ్రోకార్బనులు కనబడుటయే. నేల చెడినదని నమ్మనివారు రొయ్య చెడినదనగా నమ్మిరి.

ఇక బాగుచేయు ప్రయత్నముల సంగతి. రైతులు ముఖ్యముగా గమనింపవలసిన దిచ్చటనే కలదు.

1986లో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములు కలిసి 3 కోట్ల 43 లక్షల డాలరులతో నొక పథకము వేసెను. మడుగులోని బురదను త్రవ్వి, గొట్టములగుండ పంపి, పెద్ద కొలిమిలో కాల్చుట ఆ పథకము. ఆలోచన వెఱ్ఱిది కాదు. తారు మండు పదార్థమే గదా. కొలిమి కట్టిరి, గొట్టములు వేసిరి. కాని బురద గొట్టములో పాఱదయ్యెను. అది చిట్టెపు ముక్కలతోను జిడ్డుతోను కూడిన చిక్కని ముద్ద. గొట్టము లూరకయే పూడుకొనిపోయెను. అంతటితో పోలేదు. పిమ్మట తీసిన మచ్చులలో కొన్నిచోట్ల పి.సి.బి.లు పదిలక్షల పాళ్లలో 50 పాళ్లకు మించి కనబడెను. పి.సి.బి.లను నశింపజేయుటకు మిక్కిలి హెచ్చు వేడిమి కావలయును. ఆ కొలిమి అందులకై కట్టినది కాదు. సుమారు ఐదున్నర కోట్ల డాలరులు వ్యయమైన పిమ్మట 1990 తరువాతి దశాబ్దపు నడుమ ఆ పథకము విడువబడెను.

పి.సి.బి.లు కొలిమి కట్టిన పిదప మడుగులోనికి వచ్చినవి కావు, మొదటినుండియు నున్నవి. బురద చిక్కదనమును గొట్టము వేసిన నాడు పుట్టినది కాదు. ఈ రెండును ముందుగా మచ్చులు తీసి చూచినచో తెలియదగినవే. మందు ముందు నిశ్చయించి రోగమును వెనుక పరీక్షించిన యట్లయ్యెను. మడుగు పెద్దది, మచ్చులు కొన్ని, వానిని తీసినచోట్లు తక్కువ. తీయనిచోట నున్నది లేనట్లే లెక్కకు వచ్చెను. పరీక్షకు లక్ష కావలసినచోట పదివేలు పెట్టుట పొదుపు కాదని మా యభిప్రాయము.

రెండవ పథకము 1996 ప్రారంభమున వచ్చినది. మడుగులమీద చిట్టెము కప్పి పూడ్చివేయుట. ఇది చౌక. కాని పట్టణస్థులు సమ్మతింపలేదు. అనుకొన్నదానికంటె హెచ్చుగా పి.సి.బి.లున్నవనియు తేలినది. ఆ సంవత్సరము ఆగస్టులో పట్టణస్థులును మూడంతస్తుల ప్రభుత్వముల ప్రతినిధులును గల సంయుక్త కార్యసంఘ మేర్పడెను. ఆ సంఘము ఏండ్లతరబడి సభలు చేసినది. ఆలస్యమని నిందించినవారు కలరు. నిందలో కొంత నిజమును కలదు. కాని ముందటి పదేండ్లు తొందరపడి పోగొట్టుకొన్న ధనమును తలంచినచో ఆ నింద బరువు తగ్గును.

ఇంతలో 1999లో, బట్టీల స్థలము ప్రక్కనున్న ఫ్రెడరిక్ వీథి ఇండ్ల పరిసరములలో నూఱిన మురికినీటిలో ఆర్సెనికు, అనగా పాషాణము, కనబడెను. ప్రభుత్వము ఆ వీథివారి యిండ్లను కొని వారిని వేఱుచోటికి పంపెను. అయినచో తక్కిన వీథులవారి మాట యేమి? తమ పెరళ్లలోని మట్టియు చెడినదని వారును మొఱపెట్టిరి. వారిని తరలింపవలెనని కోరుచు 2001 మే నెలలో ఎలిజబెత్ మే అను పర్యావరణవాది ఒటావాలో పార్లమెంటు భవనము నెదుట పదునేడు దినములు నిరాహారదీక్ష చేసెను. ప్రభుత్వమువారు ప్రమాదము హెచ్చు కాదనిరి, నివాసులు నమ్మరైరి. మట్టిలోని అంకెలు ఇరుపక్షములకు నొక్కటియే. వాని యర్థమునందే తగవు.

ఈ తగవు తీరవలెనన్న మూడు మాటలు వేఱువేఱుగా నెఱుగవలెను. మొదటిది విషము: ఏది, ఎక్కడ, ఎంత. రెండవది దారి: ఆ విషము గాలిలో దుమ్ముగానో, నీటిలో ఊటగానో, ఆకుకూరమీది మట్టిగానో, చేపలోనో పయనించు మార్గము. మూడవది అది చేరు ప్రాణి: బిడ్డయా, కూలియా, పశువా, రొయ్యయా. ఈ మూడును గొలుసు కొక్కెములవలె తగుల్కొన్నప్పుడే హాని. ఒక కొక్కెము తెగినను హాని నిలుచును. ఎలుకలమందు సీసాలో బిగించి అటకమీద నున్నప్పుడు విషము కలదు, దారి లేదు. మూత విఱిగిననాడు దారి యేర్పడును. ఈ దృష్టితో చూచినచో 1986 నాటి కొలిమి విషమును నశింపజేయ జూచినది. ఫ్రెడరిక్ వీథి జనులను తరలించుట ప్రాణిని తప్పించుట. తుదకు జరిగినది దారిని తెగగొట్టుట.

పట్టణస్థులలో పెక్కుమంది విషమును తీసి నశింపజేయుటనే కోరిరి. 2004 మే నెలలో 40 కోట్ల డాలరుల యొప్పందము కుదిరెను: కేంద్రము 28 కోట్లు, రాష్ట్రము 12 కోట్లు. పి.సి.బి.లు హెచ్చుగానున్న బురదను కాల్చుట ఆ యొప్పందములో నుండెను. కాని కాల్చినపొగ తమకు వద్దని ప్రజలు గోలచేయగా 2007లో అదియు మానిరి. మిగిలినది సిమెంటుతో గట్టిపఱచుట. ఏటిముఖమున అడ్డుకట్ట వేసిరి. వాగునీటిని మడుగు తాకకుండ వేఱుకాలువ త్రవ్వి మళ్లించిరి. బురదలో సిమెంటుపొడి వేసి యంత్రములతో కలిపిరి. నూనెయు జిడ్డును గలచోట సిమెంటు సరిగా బిగియదు గావున, ముందు కొంతభాగమున పరీక్షించి పాళ్లు నిర్ణయించుకొనిరి. ఈసారి రోగము ముందు, మందు వెనుక. గట్టిపడిన ముద్దమీద నీరింకని పొర, కంకర, మట్టి పఱచి గడ్డి వేసిరి. బట్టీల స్థలమున భూమిలోనికి అడ్డుగోడలు దింపి, ఊటనీటిని పట్టి శుద్ధిచేయు ఏర్పాటు కావించిరి. 2013 ఆగస్టు 30న అచ్చట ఓపెన్ హార్త్ పార్కు అను ఉద్యానము తెఱువబడెను. ఉక్కు కరగించు ఒకరకపు కొలిమి పేరే ఆ తోటకు పెట్టిరి. పిల్లల యాటస్థలములు, నడకదారులు, క్రీడామైదానములు నున్నవి.

విషము పోయినదా? పోలేదు. కదలకుండ కట్టబడినది. అందుచేతనే అది తోటయైనది కాని పొలము కాలేదు. అచ్చట బావి త్రవ్వరాదు, లోతుగా పునాది తీయరాదు, పైపొరను పొడుచు వేళ్లుగల వృక్షములను విచ్చలవిడిగా నాటరాదు. నేల శుభ్రమైనదా యని యడుగుట సగము ప్రశ్న. దేనికి శుభ్రమైనదని యడుగుట నిండుప్రశ్న. ఇంటికి చాలని శుభ్రత గోదామునకు చాలవచ్చును. గోదామునకు చాలినది కూరమళ్లకు చాలదు. సిడ్నీవారు ఆ నిర్ణయము సరిగానే చేసిరని మేమనుకొందుము. అయినను ధూళిని పీల్చి బ్రతికినవారికి దానివలన కలిగిన యుపశమన మల్పము. నష్టపరిహారమునకై వారు 2004లో వేసిన సామూహిక దావాను నడుపుటకు 2012లో అనుమతి దొరకినను, 2013 డిసెంబరులో పైకోర్టు ఆ యనుమతిని కొట్టివేసెను. 2015 జనవరిలో దేశపు అత్యున్నత న్యాయస్థానము అప్పీలు వినుటకు నిరాకరించెను.

మన చుట్టు చూచినను ఇట్టివి లేకపోలేదు. పటాన్‌చెరు ప్రాంతమున నక్కవాగు వెంబడి రైతుల బావులును పొలములును కర్మాగారపు నీటిచే చెడగా, 1990లో ఆ వ్యాజ్యము సుప్రీముకోర్టునకు పోయినది. కాని మన సంఘములకు చేరువలోని యుదాహరణము వేఱొకటి కలదు. 1997లో నిషేధింపబడిన బి.హెచ్.సి. పొడిని అంతకుముందు ఏండ్లతరబడి గోనెసంచులలో గోదాములనుండి పంచుచుండిరి. చినిగిన సంచులు, చిమ్మిన పొడి, మిగిలినదానిని పూడ్చిన గోతులు ఎక్కడెక్కడ నున్నవో ఆనాటి హమాలీలు, గుమాస్తాలు ఎఱుగుదురు. ఆ మందు మట్టిలో దశాబ్దములుండును. అట్టి అరుగుమీద ధాన్యము పోయుటకు ముందు విచారింపవలెను.

విచారణ ముసలివారితో నారంభింపవలెను, యంత్రముతో గాదు. ఆ స్థలమున నేది యుండెను, ఎన్నేండ్లుండెను, మురికినీరు ఏ ప్రక్కకు పోవుచుండెను, గోతులెక్కడ తీసిరి, ఏ బావినీరు ఎప్పుడు రుచి మాఱెను, ఇవి వ్రాసికొని పటము గీసికొనవలెను. ఆ పటము లేక తీసిన మచ్చు చీకటిలో వేసిన రాయి.

మచ్చు తీయుటలో మన కలవాటైన పద్ధతి యొకటి కలదు. ఎరువుల నిర్ణయమునకై పొలమంతట పదిపదునైదుచోట్ల ఆఱంగుళముల లోతున మట్టి తీసి, కలిపి, నాలుగుభాగములు చేసి, రెండు పాఱవేసి, అరకిలో మిగిల్చి పంపుదుము. పొలపు సగటు సారము తెలియుటకది సరియైనదే. విషమునకు ఈ పద్ధతి పనికిరాదు. విషము పొలమంతట సమముగా పఱచుకొనదు. ఒక మూల పేరుకొనియుండును. ఆ మూల మట్టిని పదునాలుగు మంచి మట్టులతో కలిపినచో విషము పదునైదవవంతై, కాగితముమీద మాయమగును. కావున అనుమానమున్నచోట మట్టి దేనికది వేఱుగా నుంచవలెను. పైరెండంగుళముల మట్టిని ప్రత్యేకముగా తీయవలెను, ఏలయన బిడ్డల చేతులకంటునదియు దుమ్మై లేచునదియు నదియే. తరువాత వేళ్లలోతు, దానిక్రింద నేల రంగు మాఱువఱకు. అదే జాతినేలలో దూరమున నున్న మంచి పొలమునుండియు నొక మచ్చు తీయవలెను; సీసము, ఆర్సెనికు స్వభావముగనే కొంత ప్రతి నేలలోను నుండును గాన, పోల్చి చూడనిదే అంకె కర్థము లేదు. పెట్రోలు, ద్రావకముల అనుమానమున్నచో మట్టిని ఎండబెట్టరాదు, ఆవిరియై పోవును. గాజుసీసాలో నిండుగా నింపి మూత బిగించి చల్లగా నుంచి పంపవలెను. తెలియని పొడిని వాసన చూచుట, మూసిన కొట్టులో గోయి త్రవ్వుట, ఒంటరిగా త్రవ్వుట కూడదు.

భూసారపరీక్షా కేంద్రమువారు చూచునది ఉప్పు, చౌడు, నత్రజని, భాస్వరము, పొటాషు మొదలగునవి. వారి కాగితములో తప్పు లేదని వచ్చినచో విషము లేదని యర్థము కాదు. వారు దానిని వెదకనే లేదు. సీసమా, కాడ్మియమా, క్రోమియమా, ఏ మందో పేరుపెట్టి యడిగి, తగిన ప్రయోగశాలకు పంపవలెను.

బావులసంగతి మఱచిపోరాదు. పెట్రోలు, కిరసనాయిలు నీటిపై తేలును గాన పైయూట బావులలో ముందు కనబడును. లోహములకు పట్టిన జిడ్డు కడుగు ద్రావకములు కొన్ని నీటికంటె బరువైనవి. అవి క్రిందికి దిగి, పైబావి బాగున్నను లోతు బోరును చెఱచును. పైరు పచ్చగా నున్నదను ధైర్యమును పెట్టుకొనరాదు. పాలకూరవంటి ఆకుకూరలు తమకు జబ్బు లేకయే కాడ్మియమును ఆకులలో చేర్చుకొనగలవు.

అనుమానము రూఢియైనచో దాచిపెట్టుట సంఘమునకు శ్రేయస్కరము కాదు. 2025 జులైలో కేంద్రప్రభుత్వము కలుషిత స్థలముల నిర్వహణమునకై ప్రత్యేక నియమములు ప్రకటించినది. వాని ప్రకారము అనుమానమున్న స్థలములను జిల్లా యధికారులు ఆఱుమాసముల కొకసారి నివేదింపవలెను. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి మొదటి పరీక్ష చేయింపవలెను. బాధ్యుని గుర్తించి వ్యయము వానిచే పెట్టింపవలెను. కావున కలెక్టరుగారికి ఇచ్చు అర్జీతో పైన చెప్పిన పటమును, ముసలివారి వాఙ్మూలములను, బావినీటి ఫలితములను జతపఱచినచో పని సులభమగును.

కొనుటకే నిశ్చయించినచో విక్రయదస్తావేజులో మూడు మాటలు వ్రాయించుకొనవలెను: స్థలమున పూర్వము జరిగిన వ్యాపారములన్నియు అమ్మువాడు తెలియజేసినాడని, మట్టిపరీక్ష ఫలితము వచ్చువఱకు క్రయధనములో కొంత నిలిపియుంచబడునని, దాచిన గోయి బయటపడినచో దానిని బాగుచేయు వ్యయము అమ్మువానిదని. అమ్మువాడు ఈ షరతులకు వెనుదీసినచో ఆ స్థలమును విడిచి వేఱొకదానిని చూచుకొనుటయే లాభము.